స్తంభానికీ ఇంటికీ నడుమ

బోరు మోటారు స్విచ్ వేయగానే హాల్లో ఫ్యాను మందగిస్తుంది. ఏసీ పక్కనున్న స్టెబిలైజర్ టకటకా కొట్టుకుంటుంది. ఫ్రిజ్ మూలుగుతుంది. 'మళ్లీ లో వోల్టేజీ' అంటూ ఇంట్లోవాళ్లు కరెంటాఫీసును తిట్టుకుంటారు. ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చి గేటు దగ్గర మీటరు బాక్సు తెరిచి చూస్తాడు. అక్కడ 230 వోల్టులు నిక్షేపంగా ఉంటాయి. అదే సమయంలో ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గర చూస్తే 205. మధ్యలో మాయమైన పాతిక వోల్టులను ఎవరూ ఎత్తుకుపోలేదు. గేటు నుంచి ఇంటి దాకా మట్టి కింద ఇంటి యజమాని సొంత డబ్బుతో పరిపించుకున్న కేబులే వాటిని తినేసింది.

ఊరికి దూరంగా సొంతిల్లు కట్టుకునేవాళ్లు పెరిగారు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు వెళ్లినా, విశాఖ దాటి ఆనందపురం వైపు వెళ్లినా మామిడితోటల మధ్య, చేల నడుమ కొత్త ఇళ్లు కనిపిస్తాయి. రిటైరయ్యాక సొంత ఊరి పొలంలో ఇల్లు కట్టుకుంటున్న మాస్టార్లు ఉన్నారు. అమెరికా నుంచి డబ్బు పంపి అమ్మానాన్నలకు కట్టిస్తున్న పిల్లలున్నారు. స్తంభాలు రోడ్డు వెంటే ఆగిపోతాయి. ఇల్లు లోపలికి వంద, రెండు వందలు, ఒక్కోచోట మూడు వందల మీటర్లు ఉంటుంది. ఆ దూరాన్ని దాటించే కేబుల్ గురించి ఇల్లు కట్టేవాళ్లు ఆలోచించేది చాలా తక్కువ. టైల్స్ రంగు కోసం నాలుగు షాపులు తిరుగుతారు. కేబుల్ మాత్రం మేస్త్రీ పిలిచిన ఎలక్ట్రీషియన్ ఒక్క ఫోను చేసి తెప్పించేస్తాడు. టైల్స్ నచ్చకపోతే పగలగొట్టి మార్చుకోవచ్చు. ముక్కాలు మీటరు లోతున, పైన కాంపౌండ్ గోడ, చెట్లు, సిమెంటు రోడ్డు వచ్చేసిన కేబుల్‌ను మార్చడం ఎంత కష్టమో మార్చినవాళ్లకే తెలుసు.

దూరం కూడా లోడే

ఇలాంటి ఇంటి పని జరిగే చోట దాదాపు ప్రతిసారీ ఇదే సంభాషణ వినిపిస్తుంది.

"పదహారు ఎస్‌క్యూ ఎంఎం అల్యూమినియం వేసేద్దాం సార్. డెబ్బై యాంపులు లాగుద్ది. మీ ఇల్లంతా ఆన్ చేసినా ఇరవై దాటదు."

"రెండు వందల మీటర్లు ఉంది గదన్నా, సరిపోద్దా?"

"ఎంత దూరమైతే ఏంది సార్? కేబుల్ కాలిపోదు. అది నా పూచీ."

ఆ పూచీ నిజమే, కేబుల్ కాలిపోదు. పదహారు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ భూమిలో అటూఇటూగా డెబ్బై యాంపులు వేడెక్కకుండా మోస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న కేబుల్ కాలుతుందా లేదా అన్నది కాదు. ఇంటికి చేరేసరికి ఎన్ని వోల్టులు మిగులుతాయన్నది. కాలువ తల దగ్గర నిండుగా పారిన నీరు చివరి ఆయకట్టుకు చేరేసరికి ఎందుకు సన్నబడుతుందో మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తీగలో వోల్టేజీదీ అదే దారి.

లెక్క చూద్దాం. పదహారు ఎస్‌క్యూ అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 1.91 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఇది భారతీయ ప్రమాణాల్లో ఉన్న అంకె. సింగిల్ ఫేజ్‌లో కరెంటు ఫేజ్ తీగలో వెళ్లి న్యూట్రల్‌లో తిరిగి రావాలి కాబట్టి 200 మీటర్ల దూరమంటే 400 మీటర్ల తీగ. మొత్తం నిరోధం 0.76 ఓమ్‌లు. ఇరవై యాంపులు లాగితే దారిలోనే 15 వోల్టులు పోతాయి. అదే పది ఎస్‌క్యూ వేస్తే దాదాపు 25 వోల్టులు పోతాయి. మొదట చెప్పిన ఇంట్లో జరిగింది ఇదే. 35 ఎస్‌క్యూ వేస్తే ఏడు వోల్టులు, 50 వేస్తే ఐదు. లోడు మారలేదు, దూరం మారలేదు, మారింది తీగ మందమే. పైగా ఈ అంకెలు 20 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ఎండల్లో, లోడు మీద కేబుల్ వేడెక్కినప్పుడు నిరోధం ఇంకో పదో వంతు పెరుగుతుంది.

మీటరు నుంచి ఇంటి బోర్డు దాకా మూడు శాతం, అంటే ఏడు వోల్టులకు మించి పోనివ్వకూడదన్నది నా అభిప్రాయం. ఇంట్లో వైరింగులో మరికొంత ఎలాగూ పోతుంది. ఆ లెక్కన 200 మీటర్లకు, ఇరవై యాంపులకు కనీసం 35 ఎస్‌క్యూ కావాలి. 'ఇరవై యాంపుల ఇంటికి ముప్పై ఐదా?' అని ఎలక్ట్రీషియన్ ఆశ్చర్యపోతాడు. పోనివ్వండి. అతను చూసేది యాంపుల పట్టిక. ఆ పట్టికలో దూరం అన్న గడి ఉండదు.

బోరు మోటారు సంగతి ఇంకా తీవ్రం. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు ఆరేడు యాంపులే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఇంట్లో అప్పటికే ఇరవై యాంపులు నడుస్తున్నాయనుకోండి. ఆ కాసేపట్లో పదహారు ఎస్‌క్యూ కేబుల్ చివర వోల్టేజీ 190 దరిదాపుల్లోకి పడుతుంది. మోటారు తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 230కి బదులు 190 అందితే బలం మూడింట రెండొంతులకు దిగిపోతుంది. మోటారు కదల్లేక గుర్రుమంటుంది, వైండింగ్ వేడెక్కుతుంది. 'ఏడాదిలో రెండుసార్లు మోటారు కాలింది, కంపెనీ మంచిది కాదు' అనుకుంటారు.

దీనికి మన ఇళ్లలో దొరికే మందు స్టెబిలైజర్. ఈ జబ్బుకు అది మందు కాదు. స్టెబిలైజర్ 195ను 230గా చేయాలంటే కేబుల్ నుంచి మరింత కరెంటు లాగాలి. ఎక్కువ కరెంటు లాగితే కేబుల్లో ఇంకొన్ని వోల్టులు పోతాయి. ఏసీకి స్టెబిలైజర్ పెట్టాక పక్క గదిలో ఫ్యాను ఇంకా నీరసపడటానికి కారణం ఇదే.

పోయే వోల్టులు ఊరికే పోవు, వేడిగా మారి మట్టిలో కలుస్తాయి. మీటరు గేటు దగ్గర ఉంటే ఆ వేడికి కూడా బిల్లు మనమే కట్టాలి. పదహారు ఎస్‌క్యూలో ఇరవై యాంపులు రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు 45 యూనిట్లు భూమికి అర్పణం. 50 ఎస్‌క్యూ అయితే 15. అవి మీ బిల్లులో అన్నిటికంటే పై శ్లాబులో పడే యూనిట్లని మరచిపోవద్దు.

ఇది ఈరోజు లోడు లెక్క మాత్రమే. రేపు కారు ఛార్జర్ పెడితే? 7.4 కిలోవాట్ల ఛార్జర్ 32 యాంపులు గంటల తరబడి లాగుతుంది. అదొక్కటే పదహారు ఎస్‌క్యూలో 24 వోల్టులు మింగుతుంది. ఇంటిపై సోలార్ పెట్టేవాళ్లకు ఇదే తిరగబడి కనిపిస్తుంది. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుండటంతో ఊళ్లలోనూ ప్యానెళ్లు లేస్తున్నాయి. మిట్టమధ్యాహ్నం ఇంట్లో వాడకం లేనప్పుడు పదమూడు యాంపులు ఇంటి నుంచి స్తంభం వైపు ప్రవహించాలి. అలా వెళ్లాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ స్తంభం కంటే ఎక్కువ ఉండాలి. పదహారు ఎస్‌క్యూ కేబుల్లో ఆ తేడా పది వోల్టులు. లైన్లో అప్పటికే 245 ఉంటే ఇంటి దగ్గర 255 అవుతుంది. సోలార్ ఇన్వర్టర్ తనకు పెట్టిన హద్దు దాటిందని ఆగిపోతుంది. మంచి ఎండలో ఉత్పత్తి సున్నా. ప్యానెళ్లను అనుమానిస్తాం, తప్పు కేబుల్‌ది.

ఇన్ని తిప్పలు తప్పే దారి ఒకటుంది, త్రీ ఫేజ్ తీసుకోవడం. అదే ఇరవై యాంపుల లోడును మూడు ఫేజుల మీద సమానంగా పంచితే ఒక్కో తీగలో కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, న్యూట్రల్‌లో తిరుగు ప్రయాణం ఉండదు. పదిహేను వోల్టుల నష్టం రెండున్నరకు దిగుతుంది. ఇళ్లలో లోడు ఎప్పుడూ అంత సమానంగా ఉండదు గనుక అంత లాభం రాదు, అయినా తేడా చాలా ఎక్కువ. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. త్రీ ఫేజ్‌కు మార్కెట్లో మూడున్నర కోర్ కేబుల్ చేతికిస్తారు, అంటే న్యూట్రల్ సగం మందమే. ఇంట్లో ఉండేవన్నీ సింగిల్ ఫేజ్ వస్తువులు, ఒక ఫేజ్ మీద ఏసీలు, మరో ఫేజ్ మీద ఒక్క టీవీ. అప్పుడు న్యూట్రల్ మీద భారం తప్పదు. అందుకే ఇంటికి నాలుగు కోర్లూ సమానంగా ఉన్నదే అడగాలి. న్యూట్రల్ జాయింటు వదులై విడిపోతే ఏమవుతుందో ఊళ్లో అందరూ చూసిందే. ఒక ఇంట్లో టీవీలు, ఫ్రిజ్‌లు, బల్బులు అన్నీ ఒక్కసారే కాలిపోయాయంటే కారణం చాలాసార్లు తెగిన న్యూట్రలే.

మీటరు ఎక్కడ?

పునాది తవ్వకముందే తేల్చుకోవాల్సిన మాట ఇది. మీటరు దాకా వచ్చే లైను డిస్కమ్‌ది, మీటరు దాటాక మనది. మీటరు గేటు దగ్గర పెడితే కేబుల్ ఖర్చు, దాని నష్టం, దాని రిపేరు అన్నీ మనవే. ఇంటి దగ్గరే కావాలంటే స్తంభాలు లోపలికి వేయాలి. డిస్కమ్ ఎస్టిమేట్ ఇస్తుంది, డబ్బు కట్టాలి, తీగలు మన చెట్ల మీదుగా వెళ్తాయి. కొత్త కనెక్షన్ గడువుల విషయంలో 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి మెట్రో నగరాల్లో మూడు రోజులు, ఇతర మునిసిపల్ ప్రాంతాల్లో ఏడు, గ్రామాల్లో పదిహేను రోజులుగా పెట్టింది. కొత్త లైను వేయాల్సి వస్తే ఈ గడువులు వర్తించవు. కాబట్టి ఇల్లు పూర్తయ్యాక కాకుండా, ప్లాన్ గీయించే రోజుల్లోనే ఏఈని కలిసి స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడున్నాయో, మన దాకా లో టెన్షన్ లైను ఎంత పొడవు వస్తుందో అడగాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభం దాకానే లైను బక్కగా ఉంటే మనం ఎంత మందం కేబుల్ వేసినా ఆ లోటు తీరదు.

పొలంలో ఇంటికి మరో చిక్కు ఉంది. దగ్గర్లో కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ చాలాసార్లు వ్యవసాయ ఫీడరుది. బోరు కోసం ఇచ్చిన ఆ కరెంటును ఇంటికి లాక్కోవడం విద్యుత్ చట్టం 2003 లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. జరిమానా సంగతి అటుంచి, ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడరుకు పగటి పూట తొమ్మిది గంటలే సరఫరా. రాత్రి ఇల్లు చీకటి. గృహ కేటగిరీ కనెక్షన్ ఏ ఫీడరు నుంచి వస్తుందో ముందే తేల్చుకుంటే ఆ దూరాన్ని బట్టి ఇల్లు ఎక్కడ కట్టాలో కూడా ఆలోచించవచ్చు. ఇంటిని ముప్పై మీటర్లు రోడ్డు వైపు జరిపితే కేబుల్లో, తవ్వకంలో ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడండి.

మధ్యలో వేరేవాళ్ల భూమి ఉంటే మాటసాయం మీద ఆధారపడొద్దు. ఇవాళ 'మాదేముంది అన్నయ్యా, తవ్వుకోండి' అన్న మనిషి రేపు భూమి అమ్ముకోవచ్చు. కేబుల్ దారి హక్కును కాగితం మీద రాయించుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. పంచాయతీ రోడ్డు దాటాలంటే పంచాయతీ అనుమతి తీసుకోవాలి.

కోసి చూస్తే

మంచి కేబుల్‌ను ఒకసారి అడ్డంగా కోసి చూడండి. పైన నల్లటి పీవీసీ తొడుగు, దాని కింద జింకు పూసిన ఉక్కు పట్టీలు మెలితిరిగి చుట్టుకుని ఉంటాయి. అదే ఆర్మర్. దాని లోపల ఇంకో తొడుగు, ఆ లోపల ఎరుపు, పసుపు, నీలం, నలుపు రంగుల కోర్లు. ఒక్కో కోరు మధ్యలో వెండిలా మెరిసే అల్యూమినియం పోగులు. ఆ కోర్ల మీది పొర ఎక్స్‌ఎల్‌పీఈ అయితే 90 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది, మామూలు పీవీసీ 70 డిగ్రీలనే. బయటి తొడుగు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 7098 అన్న అంకె, మీటరు మీటరుకూ వరుస సంఖ్య అచ్చేసి ఉంటాయి. మొదటి చివర, ఆఖరి చివర ఉన్న సంఖ్యలు తీసివేస్తే కొన్న పొడవు తెలుస్తుంది. డ్రమ్ము దిగగానే చూసుకోవాల్సింది అదే. కావలసిన పొడవంతా ఒకే ముక్కగా తెప్పించాలి. మట్టి కింద జాయింటు ఉందంటే ఏదో ఒక వానాకాలం అక్కడే చెడుతుందని అనుకోవాలి.

రాగి మంచిదే. అంతే నిరోధం రావాలంటే అల్యూమినియం తీగ ఒకటిన్నర రెట్లకు పైగా మందం ఉండాలి. అయినా బరువు సగమే, ధర చాలా తక్కువ. పొడుగు కేబుల్‌కు అల్యూమినియమే తగిన లోహం. దాని బలహీనత చివర్లలో ఉంది. గాలి తగిలితే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. రాగి స్విచ్‌గేరుకు నేరుగా బిగిస్తే కాలక్రమంలో వదులై వేడెక్కుతుంది. చివర గీకి, పేస్టు పూసి, బైమెటల్ లగ్గు పెట్టి క్రింపింగ్ టూలుతో నొక్కాలి. సుత్తితో కొట్టి సరిపెట్టే పని చూశారా, వెంటనే ఆపించండి.

గుంత

కేబుల్ గుంతకు ఐఎస్ 1255 చెప్పే లోతు లో టెన్షన్‌కు ముక్కాలు మీటరు, రోడ్డు దాటేచోట మీటరు. ఎందుకంత? దుక్కి దున్నే నాగలి, రోటవేటర్ ఆ లోతుకు రావు. రెండు వందల మీటర్ల పొడవున, నలభై సెంటీమీటర్ల వెడల్పున తవ్వితే అరవై ఘనపు మీటర్ల మట్టి. అడుగున ఎనిమిది సెంటీమీటర్ల ఇసుక, కేబుల్, దాని మీద మళ్లీ ఇసుక, ఆ పైన అడ్డంగా పేర్చిన ఇటుకలు. లెక్క వేస్తే ఐదారు ట్రాక్టర్ల ఇసుక, 1,750 ఇటుకలు. ఇటుకల మీద కొంత మట్టి పోశాక హెచ్చరిక టేపు పరవాలి.

ఈ ఖర్చంతా పది ఎస్‌క్యూ వేసినా, యాభై వేసినా ఒకటే. జేసీబీ గంటలు మారవు, కూలీ మారదు, ఇసుక మారదు. పెరిగేది కేబుల్ ధర ఒక్కటే. అందుకే ఒక సైజు పెంచి వేసుకోమని నేను గట్టిగా చెబుతాను. అదే గుంతలో కాస్త దూరంగా ఇంటర్నెట్ ఫైబర్ కోసం ఖాళీ హెచ్‌డీపీఈ పైపు ఒకటి పడేస్తే మళ్లీ తవ్వనక్కర్లేదు.

మట్టిని బట్టి పని మారుతుంది. తెలంగాణలో చాలాచోట్ల రెండడుగులు దిగేసరికి బండ తగులుతుంది, కంప్రెసర్ పెట్టి పగలగొట్టాలి. ఎంతకీ దిగకపోతే జీఐ పైపులో కేబుల్ దూర్చి పైన కాంక్రీటు పోయాలి. నల్లరేగడిలో వేసవికి నేల నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, కేబుల్‌ను లాగుతుంది. బిగుతుగా పరవకుండా పాము నడకలా కొంచెం వంకరగా వేసి రెండు చివర్లా ఒక చుట్టు మిగిల్చాలి. గట్టు వెంట వేస్తే దున్నకం బాధ ఉండదు కానీ పందికొక్కులుంటాయి, ఎర్ర నేలల్లో చెదలు. ఆర్మర్ లేని కేబుల్ వాటికి మేత.

పరిచేటప్పుడు డ్రమ్మును కడ్డీ మీద ఎత్తి తిప్పుతూ వదలాలి. నేల మీద పడేసి చుట్టలు ఊడదీస్తే మెలిక పడుతుంది, మెలిక పడ్డ చోట లోపలి పొర నలుగుతుంది. పాతిక మిల్లీమీటర్ల లావు కేబుల్ మలుపు తిరిగేచోట కనీసం అడుగు వ్యాసార్ధం ఉండాలి. పూడ్చకముందు ఒకసారి, పూడ్చాక ఒకసారి మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి. మొదటి కొలత తగ్గితే సరుకులో లోపం, రెండోది తగ్గితే పూడ్చడంలో ఎవరి పలుగో తగిలింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు స్తంభాలు నేలకొరిగి నగరం చీకట్లో మునిగింది. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో అక్కడ భూగర్భ కేబుళ్ల పని మొదలైంది. తుపాను తీరంలో ఇల్లు కట్టేవాళ్లు ఖర్చు ఎక్కువైనా నేల కిందికే వెళ్లడం న్యాయం. ఈదురుగాలికి భూమి కింది తీగ తెగదు.

పలుగు తగిలిన రోజు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ప్రాణాలది. పదేళ్ల తర్వాత ఎవరో మొక్క నాటడానికో, సెప్టిక్ ట్యాంకుకో తవ్వుతారు. ఇనుప పలుగు కేబుల్లోకి దిగుతుంది. ఉక్కు ఆర్మర్ రెండు చివర్లా గ్లాండుతో గట్టిగా పట్టి ఎర్తింగ్‌కు కలిపి ఉంటే కరెంటు ఆ దారిన భూమిలోకి పోతుంది, రక్షణ పరికరం సరఫరా ఆపుతుంది. గ్లాండు వేయకుండా ఆర్మర్‌ను కత్తిరించి వదిలేస్తే ఆ దారి పలుగు పట్టుకున్న మనిషి శరీరమే. గ్లాండుల ఖర్చు మొత్తం పని ఖర్చులో లెక్కలోకి రాదు, అయినా ఎక్కువగా ఎగ్గొట్టేది వాటినే.

ఎంసీబీ ఉంది కదా అనుకోకూడదు. 32 యాంపుల సీ రకం ఎంసీబీ తక్షణం పడిపోవాలంటే 320 యాంపుల దాకా కావాలి. పదహారు ఎస్‌క్యూ కేబుల్ 200 మీటర్ల చివర నేరుగా షార్టయినా వచ్చేది 300 యాంపులే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైను నిరోధం కలిపితే ఇంకా తక్కువ. అది క్షణంలో పడకపోవచ్చు, కాసేపు మంట మండాక పడవచ్చు. బీ రకానికి 160 చాలు. భూమిలోకి లీకయ్యే కరెంటు మరీ స్వల్పం. మన ఎర్త్ పిట్, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ కలిపి పది ఓమ్‌లున్నా వచ్చేది 23 యాంపులు, 32 ఎంసీబీ దాన్ని మామూలు లోడే అనుకుంటుంది. ఎండాకాలం బొగ్గు, ఉప్పు పోసిన ఎర్త్ గుంత ఎండిపోతే పది ఓమ్‌లు యాభై కావచ్చు.

అందుకే ఇంటి బోర్డులో, లీకయ్యే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కానీ అది కాపాడేది ఇంటిని మాత్రమే, గేటు నుంచి ఇంటి దాకా ఉన్న కేబుల్‌ను కాదు. మీటరు దగ్గర 300 మిల్లీయాంపులది, కాస్త ఆలస్యంగా పడే ఎస్ రకం ఇంకొకటి పెట్టాలి. రెండుచోట్లా 30 పెడితే ఇంట్లో గీజర్ లీకయిన రాత్రి గేటు దగ్గరిది కూడా పడిపోతుంది, వానలో టార్చి పట్టుకుని అంత దూరం నడవాలి. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతోనే ఈ పని చేయించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఎర్త్ పిట్ నిరోధం కొలిచి అంకె చూపించమని, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ తన ముందే నొక్కమని అడిగే హక్కు యజమానికి ఉంది. ఆ తర్వాత నెలకోసారి ఇంట్లోవాళ్లే నొక్కి చూసుకోవాలి.

చివరగా, పూడ్చకముందు ఒక పని చేయండి. కాంపౌండ్ గోడ మూల నుంచి కేబుల్ ఎన్ని అడుగుల దూరంలో ఉందో టేపు పెట్టి కొలిచి, టేపుతో సహా ఫొటోలు తీయండి. ప్రతి మలుపు దగ్గర నేల మీద గుర్తురాయి నాటండి. కేబుల్ సైజు, పొడవు, లోతు, వేసిన తేదీ, మెగ్గర్ కొలత, ఎర్త్ నిరోధం ఒక కాగితం మీద రాసి ఒక ప్రతి మీటరు బాక్సు తలుపు లోపల అంటించండి, ఇంకొకటి ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. భూగర్భ కేబుల్ చెడిపోతే ఎక్కడ చెడిందో పట్టడానికి ప్రత్యేక పరికరాలు తేవాలి, వాటి అద్దె తక్కువేం కాదు. దారి తెలిస్తే ఆ పని గంటల్లో తేలుతుంది. తెలియకపోతే తోటంతా తవ్వాలి.